లగ్నపత్రిక కన్నా ముందు బడి కాగితం

కర్నూలు జిల్లా పడమటి వైపు ఒక మండలంలో నేను ఐసీడీఎస్ సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నాను. బాల్యవివాహ నిషేధ చట్టం కింద గ్రామస్థాయి నిషేధ అధికారుల్లో పంచాయతీ కార్యదర్శి, వీఆర్వోలతో పాటు మేమూ ఉంటాం. ఊర్లో చిన్నపిల్లకు పెళ్లి చేస్తున్నారని తెలిస్తే ఆపాల్సిన బాధ్యత నాది. నేను ఆపలేకపోయిన ఒక పెళ్లి గురించీ, దాని తర్వాత గుడి అయ్యవారి అరుగు మీద, ఖాజీ కార్యాలయంలో, చర్చిలో కూర్చుని మేం నేర్చుకున్న పని గురించీ ఇక్కడ రాస్తున్నాను. పాపల పేర్లు, ఊర్లు, కులాలు రాయడం లేదు.

మా ప్రాంతం సంగతి ముందు కొంచెం చెప్పాలి. పత్తి ఏరడం అయిపోగానే ఇక్కడి ఊర్లు సగం ఖాళీ అవుతాయి. గుంటూరు వైపు మిరపకాయల కోతకు కొందరు, బెంగళూరు కట్టడాల పనికి కొందరు పోతారు. దీన్ని మా దగ్గర సుగ్గికి పోవడం అంటారు. మళ్లీ ఉగాదికి ముందూ వెనకా తిరిగొస్తారు. ఎదిగిన ఆడపిల్లను ఇంట్లో ఒంటరిగా వదలలేరు, గుడారాల్లోకి తీసుకుపోలేరు. మేనమామ ఉంటే అతని చేతిలో పెడితే దిగులు తీరుతుందనుకుంటారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 లెక్క ప్రకారం 20–24 ఏళ్ల వయసు స్త్రీలలో 18 నిండకముందే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం, దేశం మొత్తంలో 23.3 శాతం. మా పడమటి ఊర్లలో తిరిగేవాళ్లకు ఆ 29.3 ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు.

మొదటి పాప పదో తరగతి. పదిహేనేళ్ల ఏడు నెలలు. వరుడు సొంత మేనమామ, బెంగళూరులో సెంట్రింగ్ పని. పెళ్లి రెండు రోజులుందనగా బడిలో పక్కన కూర్చునే పిల్ల వచ్చి మా అంగన్‌వాడీ టీచర్‌కు చెప్పింది. రెవెన్యూ వాళ్లు, ఎస్సైగారు, నేను రాత్రి తొమ్మిదింటికి ఆ ఇంటికి వెళ్లాం. అప్పటికే వాకిట్లో కొబ్బరి మట్టల పందిరి వేసి ఉంది. చాటల్లో బియ్యం ఏరుతున్న ఆడవాళ్లు జీపు లైట్లు చూసి లేచి నిలబడ్డారు. పాప మొహాన పసుపు ఇంకా ఆరలేదు. వాళ్ల నాన్న ఒక్క మాటా మాట్లాడలేదు. అమ్మ మాత్రం నా దగ్గరికొచ్చి మెల్లగా అనింది: "మూడొందల మందికి చెప్పుకుంటిమి మేడం. ఈ మాట నెల ముందర చెప్పింటే మాకీ అప్పన్నా తప్పుండె కదా."

తహసీల్దార్ కార్యాలయంలో హామీ పత్రం రాయించాం. పద్దెనిమిది నిండేదాకా పెళ్లి చేయమని ఇద్దరి తల్లిదండ్రులు సంతకాలు, వేలిముద్రలు పెట్టారు. నా రిజిస్టర్‌లో "పెళ్లి ఆపబడింది" అని రాసుకున్నాను.

మూడు వారాలకు బడి నుంచి క్లాస్ టీచర్ ఫోన్ చేసింది. పాప నాలుగు రోజులు రాలేదనీ, ఇప్పుడు వచ్చిందనీ, ఎండ మండిపోతున్నా చున్నీ మెడ చుట్టూ బిగించి రెండు వైపులా పిన్నీసులు పెట్టుకుందనీ చెప్పింది. నేను వెళ్లేసరికి టీచర్ ఆ పిల్లను స్టాఫ్ రూములో కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చింది. చున్నీ తీయమని మేం అడగలేదు. తనే పిన్నీసు తీసింది. కొత్త పసుపుతాడు. యూనిఫాం కాలర్ లోపలి అంచంతా పచ్చగా అంటుకుని ఉంది. "ఉతికినా పోలేదు మేడం" అంది.

సరిహద్దు దాటి కర్ణాటకలోని ఒక గుడికి తీసుకుపోయి అరగంటలో తాళి కట్టించారు. అక్కడి రసీదు వాళ్ల ఇంట్లోనే దొరికింది. అందులో పేరు, గోత్రం, సేవ రుసుము రాసి ఉన్నాయి. వయసు అనే గడి అసలు లేదు.

ఇక్కడ నా తప్పు రెండు చోట్ల ఉంది. హామీ పత్రాన్ని నమ్మడం మొదటిది. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం 13వ సెక్షన్ కింద ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ దగ్గర నిషేధ ఉత్తర్వు తీసుకోవచ్చు. అత్యవసరమైతే అవతలివాళ్లకు నోటీసు ఇవ్వకుండానే కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వగలదు. ఆ ఉత్తర్వు చేతిలో ఉంటే, దాన్ని మీరి ఎక్కడ తాళి కట్టించినా 14వ సెక్షన్ ప్రకారం ఆ పెళ్లి మొదటి నుంచీ చెల్లదు. ఉత్తర్వు లేనప్పుడు మాత్రం, బెదిరించో ఎత్తుకుపోయో చేసినవి తప్ప, బాల్యవివాహం దానంతటది రద్దు కాదు. 3వ సెక్షన్ కింద పిల్లే కోర్టుకు వెళ్లి రద్దు చేయమని అడగాలి. మైనరుగా ఉన్నంతవరకు సంరక్షకులో తరఫు మనిషో నిషేధ అధికారితో కలిసి పిటిషన్ వేయొచ్చు. మేజర్ అయ్యాక రెండేళ్ల లోపు తనే వేసుకోవచ్చు. ఒక్క దరఖాస్తు నేను రాయకపోవడం వల్ల ఆ బరువంతా పదిహేనేళ్ల పిల్ల నెత్తిన పడింది. ఇది చదివే తోటి ఉద్యోగులకు నేను చేతులు జోడించి చెప్పేది ఒకటే: హామీ పత్రం రాయించిన మర్నాడే కోర్టుకు వెళ్లండి.

రెండో తప్పు ఆ తల్లి మాటలో ఉంది. నెల ముందర ఎందుకు చెప్పలేదని ఆమె అడిగింది. నెల ముందర నాకు తెలియదు. మరి ఎవరికి తెలుసు? లగ్నపత్రిక రాసిన అయ్యవారికి నలభై రోజుల ముందే తెలుసు.

ఆయనకు అరవై దాటింటాయి. నేను వెళ్లేసరికి అరుగు మీద పంచాంగం ముందేసుకుని కూర్చుని ఉన్నారు. కోపంగా వెళ్లిన మాట నిజం. ఆయన మాత్రం నెమ్మదిగానే చెప్పారు: "వయసు అడిగే అలవాటు మాకు లేదమ్మా. నక్షత్రం అడుగుతాం." నక్షత్రం కావాలంటే పుట్టిన తేదీ, వేళ కావాలి కదా స్వామీ అన్నాను. కావాలన్నారు. తేదీ తెలియనివాళ్లకు పేరులో మొదటి అక్షరాన్ని బట్టి నామనక్షత్రం చూస్తారట. ఈ పాప విషయంలో అది కూడా చూడలేదు. మేనరికానికి పొంతన అక్కర్లేదని అందరూ అనే మాటే.

నాకు ఆ అరుగు మీద పెద్ద సంగతి అర్థమైంది. పుట్టిన తేదీ అడగడం అయ్యవారి పనికి కొత్తది కాదు, ఆ పనిలో మొదటి మెట్టే అది. మా ప్రాంతంలో అన్నిటికన్నా చిన్న వయసు పెళ్లిళ్లు మేనరికాల్లోనే జరుగుతున్నాయి, సరిగ్గా అక్కడే ఆ ప్రశ్న ఎగిరిపోతోంది. మేం ఆయన్ను చట్టానికి కాపలా కాయమని అడగనక్కర్లేదు. మీ శాస్త్రం అడిగే తేదీనే మేనరికంలో కూడా అడగండి, నోటిమాట కాకుండా బడి కాగితం చూడండి అని అడిగితే చాలు.

చట్టం గురించి కూడా చెప్పాను. 10వ సెక్షన్ ప్రకారం బాల్యవివాహం జరిపించినవారికి రెండేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా. అది బాల్యవివాహం కాదని నమ్మడానికి తగిన కారణం ఉందని చూపించుకుంటేనే బయటపడతారు. ఈ శిక్ష తల్లిదండ్రులకు మాత్రమే అని అప్పటిదాకా ఆయన అనుకున్నారు. విని చాలాసేపు పంచాంగం మూసి పెట్టుకుని కూర్చున్నారు. తర్వాత అన్నారు: "నేను కాదంటే పక్కూరి ఆయన రాస్తాడమ్మా. నా ఒక్కడి నోటికాడ కూడు పోతుంది, పెళ్లి ఆగదు." ఆ మాటలో న్యాయం ఉంది. అందుకే ఒక్కరితో కాకుండా మండలంలో పెళ్లి జరిపించే అందర్నీ, అంటే అయ్యవార్లను, జంగమ స్వాములను, గుడి గుమాస్తాలను, నాయబ్ ఖాజీని, పాస్టర్లను తహసీల్దార్ కార్యాలయంలో ఒకచోట కూర్చోబెట్టాం.

ఆ సమావేశంలో ఎక్కువ సమయం పోయింది ఏ కాగితం అడగాలన్న దాని మీదే. అందరూ ఆధార్ అన్నారు. ఆధార్‌లో పుట్టిన తేదీ మార్పించుకోవడానికి ఒకసారి అవకాశం ఉంటుంది. మా దగ్గర ఆ ఒక్క అవకాశాన్ని పెళ్లికి నెల ముందు వాడుకున్న ఇళ్లు నేను చూశాను. పుట్టిన తేదీకి ఆధార్ రుజువు కాదని 2024లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. జువెనైల్ జస్టిస్ చట్టం 94వ సెక్షన్ వయసు తేల్చే వరసను స్పష్టంగా పెట్టింది: ముందు బడి ఇచ్చిన పుట్టినతేదీ పత్రం లేదా పదో తరగతి సర్టిఫికెట్, అవి లేకపోతే పంచాయతీ, మున్సిపాలిటీ జనన ధ్రువపత్రం, అదీ లేకపోతే వైద్య పరీక్ష. అదే వరసను అందరూ ఒప్పుకున్నారు. బడి కాగితం లేకుండా లగ్నం పెట్టకూడదు, అనుమానం వస్తే కాగితం ఫొటో వాట్సాప్‌లో నాకు పంపాలి. చెప్పినవారి పేరు మా నోట రాదు. ఈ చివరి షరతు లేకపోతే ఏదీ నడిచేది కాదు, ఎందుకంటే అయ్యవారు బతకాల్సింది ఆ ఊర్లోనే.

ఖాజీ కార్యాలయానికి వేరుగా వెళ్లాను. ఖాజీలను 1880 నాటి చట్టం కింద ప్రభుత్వం నియమిస్తుంది. ఆయన కింద మండలాల్లో నాయబ్‌లు, అంటే సహాయక ఖాజీలు, నిఖా జరిపించి సియాహా అనే పెళ్లిళ్ల నమోదు పుస్తకంలో రాస్తారు. ఆ రాత మీదే తర్వాత పెళ్లి సర్టిఫికెట్ పుడుతుంది. ఖాజీ సాబ్ పాత పుస్తకాలు నా ముందే తెరిచారు. వధువు వయసు గడిలో పద్దెనిమిది, పద్దెనిమిది, పందొమ్మిది, మళ్లీ పద్దెనిమిది. పేజీలు తిప్పుతూ ఆయనే తల అడ్డంగా ఊపారు. 2022లో పేద ముస్లిం వధువులకు ప్రభుత్వ సాయం ఇచ్చే షాదీ తోఫా పథకం మొదలయ్యాక ఇంకో రకం ఒత్తిడి వచ్చిందని కూడా చెప్పారు. వధువుకు 18 నిండి, ఇద్దరూ పది పాసై ఉండాలన్న నిబంధన చూసి, ఎప్పుడో జరిగిపోయిన నిఖాకు తర్వాతి తేదీ వేసి ఇమ్మని జనం రావడం మొదలుపెట్టారట.

షరియత్‌లో వయసు లెక్క వేరు కదా అని అక్కడ కూర్చున్న ఒక పెద్దాయన అడిగారు. ఈ చట్టానికీ వ్యక్తిగత చట్టాలకూ మధ్య ఏది పైమాట అన్నది 2024 అక్టోబరు 18 నాటి తీర్పులో సుప్రీంకోర్టు కూడా తేల్చలేదు, పార్లమెంటు ముందున్న విషయమంది. నేను ఆ వాదనలోకి దిగలేదు. ఖాజీ సాబే జవాబిచ్చారు. నిఖాలో పిల్ల ఒప్పుదల ముఖ్యం, చదువుకుంటానని ఏడ్చే పిల్ల దగ్గర ఒప్పుదల తీసుకున్నామని నేనెట్లా రాయాలి అన్నారు. ఆ వారంలోనే నాయబ్‌లందరికీ మాట పంపారు: బడి కాగితం నకలు జతచేయని సియాహా తీసుకోను, రెండోసారి జరిగితే పుస్తకం వెనక్కి తీసుకుంటాను. నా పది అవగాహన సదస్సులు చేయలేని పని ఆ ఒక్క మాట చేసింది. 2017లో హైదరాబాద్ పాతబస్తీలో అరబ్బుల కాంట్రాక్టు పెళ్లిళ్ల కేసులో ఖాజీలు అరెస్టయిన సంగతి ఆయన మర్చిపోలేదు. భయం కొంత ఉంటే ఉండొచ్చు. కానీ నేను ఆయన మొహంలో చూసింది భయం కాదు, తన పుస్తకంలో అబద్ధం చేరడం ఇష్టంలేని మనిషి పట్టుదల.

చర్చిల్లో పని సులువుగా జరిగింది. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టంలోనే వధువుకు 18, వరుడికి 21 అని ఉంది. పెద్ద సంఘాల్లో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదివే ఆచారం ఉంది. ఆ ప్రకటనలో పుట్టిన తేదీ కూడా చదవమన్నాం, చదువుతున్నారు. లైసెన్సు లేకుండా ఇంట్లో ప్రార్థన చేసి ఉంగరాలు మార్పించే విడి పాస్టర్ల దగ్గర మాత్రం మాట ఇంకా నిలవలేదు.

తర్వాతి సుగ్గి కాలం మొదలవుతుండగా నాయబ్ ఖాజీ నుంచి ఒక ఫొటో వచ్చింది. "మేడం, ఈ కాగితం ఒకసారి చూడండి." ఆధార్‌లో పద్దెనిమిదేళ్ల నాలుగు నెలలు. బడి అడ్మిషన్ రిజిస్టర్ చూస్తే పదహారు కూడా నిండలేదు. నిఖాకు ఇంకా ఇరవై ఆరు రోజులుంది. కార్డులు అచ్చు కాలేదు, వీధిలో ఎవరికీ తెలియదు.

ఈసారి జీపు లేదు. స్కూటీ మీద నేనూ అంగన్‌వాడీ టీచరూ వెళ్లాం, నాయబ్ సాబ్ విడిగా వచ్చారు. చాప వేసి కూర్చోబెట్టి టీ ఇచ్చారు. చట్టం చెప్పాను, విన్నారు. బిడ్డల్ని త్వరగా కన్న తల్లికి వచ్చే రక్తహీనత, కాన్పు కష్టాలు చెప్పాను, తల ఊపారు. అప్పుడు ఆ పాప తల్లి అడిగింది: "అంతా నిజమే మేడం. సుగ్గికి పోతే బిడ్డను ఎవురి తావ ఇడ్సిపెట్టి పోవల్ల?"

నా దగ్గర జవాబు లేదు. నాయబ్ సాబ్ దగ్గరా లేదు. మొదటి పాప ఇంట్లో కూడా ఇదే ప్రశ్న ఉండింటుంది, జీపు లైట్ల వెలుగులో దాన్ని అడిగే సందు మేం ఇవ్వలేదు. ఖాజీ, అయ్యవారు, పాస్టరు పెళ్లిని వాయిదా వేయించగలరు, అంతవరకే. ఆ వాయిదా కాలంలో పిల్ల ఎక్కడ పడుకుంటుంది, ఏం తింటుంది అన్నది చూడాల్సింది మేం. అది చూడకపోతే కుటుంబం ఇంకో తలుపు వెతుక్కుంటుంది.

ఇండోనేషియాలో ఇదే పెద్ద ఎత్తున జరిగింది. అక్కడ మండలం లాంటి ప్రతి విభాగానికీ ముస్లింల పెళ్లిళ్లు నమోదు చేసే ప్రభుత్వ మతవ్యవహారాల కార్యాలయం ఉంటుంది, వయసు తక్కువైతే పెళ్లి రాయడానికి ఒప్పుకోదు. 2019లో ఆడపిల్లల కనీస వయసును 16 నుంచి 19కి పెంచారు. కార్యాలయం వెనక్కి పంపిన కుటుంబాలు మినహాయింపు కోసం మతన్యాయస్థానాలకు వెళ్లాయి. అలా ఇచ్చిన అనుమతులు 2019లో 23 వేలు ఉంటే 2020లో 64 వేలు దాటాయి. ఇది చదివినప్పుడు నాకు ఆ సరిహద్దు గుడి రసీదే గుర్తొచ్చింది.

ఆడపిల్లలు అక్కడే ఉండి చదువుకునే కస్తూర్బా విద్యాలయంలో సీటు కోసం తిరిగాం. ఏడాది మధ్యలో సీటు అంటే ఎంత టెన్షనో ఆ పని చేసినవాళ్లకు తెలుసు. పెళ్లి ముప్పు ఉన్న పిల్ల జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం సంరక్షణ అవసరమైన పిల్ల అని చూపించి బాలల సంక్షేమ కమిటీ నుంచి లేఖ తెచ్చాం. పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ నాయబ్ సాబ్ రోజూ సాయంత్రం నమాజు తర్వాత ఆ తండ్రితో మాట్లాడుతూనే ఉన్నారు. చేర్పించే రోజు కూడా ఆయనే వెంట వచ్చారు. తండ్రి ప్రహరీ గోడ చుట్టూ ఒకసారి నడిచి చూశాడు. గేటు దగ్గర వచ్చిపోయేవాళ్ల రిజిస్టర్ అడిగి తెప్పించుకున్నాడు. చదవడం రాదు, పేజీలు తిప్పి చూసి తిరిగి ఇచ్చాడు. ఆ మర్నాడు వాళ్లు గుంటూరు బండెక్కారు.

సంబంధం తెంచుకోమని నేను అడగలేదు. తాంబూలాలు అలాగే ఉన్నాయి. దీని మీద తోటివాళ్లు నన్ను తప్పుపట్టారు, ఇప్పటికీ పడుతున్నారు. తెంచమని పట్టుబట్టుంటే నాయబ్ సాబ్ మాట ఆ ఇంట్లో చెల్లేది కాదు, పిల్ల బడికి చేరేది కాదు అని నా నమ్మకం. పద్దెనిమిది నిండాక అవును అన్నా కాదు అన్నా తనే అంటుంది. ఇప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం.

అప్పటి నుంచి మా పద్ధతి మారింది. ఎవరైనా ఫొటో పంపిన రోజే రెండు పనులు మొదలవుతాయి. ఒకటి కోర్టు ఉత్తర్వుకు దరఖాస్తు సిద్ధం చేసి పెట్టడం, రెండోది హాస్టల్ సీటు, వలస కాలంలో పిల్లల్ని ఉంచే సీజనల్ హాస్టల్ ఉంటే అందులో చోటు. ఇంటికి వెళ్లేటప్పటికి సీటు మాట నా నోట ఉండాలి. మూడు మతాల క్యాలెండర్లను కలిపి చూసుకోవడం కూడా నేర్చుకున్నాం. ఆషాఢంలో, మూఢంలో అయ్యవార్ల దగ్గర పని ఉండదు, రంజాన్ నెలలో నిఖాలు అరుదు, ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాల్లో చాలా చర్చిల్లో పెళ్లిళ్లు పెట్టుకోరు. మాఘం, పది పరీక్షలు అయిపోయాక వచ్చే వైశాఖం, రంజాన్ పండగ తర్వాతి వారాలు మాత్రం ఒక్కరోజు కూడా ఏమరకూడదు.

లోటుపాట్లు చాలా ఉన్నాయి. పురోహితుడు లేకుండా ఇంటి పెద్దే రాత్రిపూట తాళి కట్టించేస్తే మాకు తెలిసే దారి బడి హాజరు పట్టీ ఒక్కటే. ప్రేమించుకుని గుడికి వచ్చిన పదహారేళ్ల జంటను గుమాస్తా వయసు చూసి పంపేస్తే అతని పని అతను చేసినట్టే, కానీ ఆ పిల్ల ఆ గుడి మెట్లు దిగి ఎక్కడికి పోతుంది? అలాంటప్పుడు పంపేయకుండా కూర్చోబెట్టి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయమని చెబుతున్నాం. అందరూ చేయడం లేదు. సరిహద్దు అవతలి గుడి రసీదులో వయసు గడి పెట్టించమని ఆ జిల్లా అధికారులకు రెండుసార్లు రాశాను. జవాబు రాలేదు. మూడోసారి పంపడానికి కన్నడంలో రాయిస్తున్నాను.

మొదటి పాప ఆ ఏడాది పది పరీక్షలు రాసింది, పాసైంది. ఆ బాల్యవివాహం మీద పెట్టిన కేసు కోర్టులో ఉంది కాబట్టి దాని వివరాల్లోకి వెళ్లను. ఇప్పుడు అమ్మ దగ్గరే ఉండి ఇంటర్‌కు పోతోంది. పెళ్లి రద్దు పిటిషన్ గురించి రెండుసార్లు అడిగాను, తరఫు మనిషిగా ఎవరుండాలో కూడా చూసిపెట్టాను. "ఇంటర్ అయినాక చెప్తా మేడం" అంటుంది. తనకు ఇరవై నిండే తేదీని నా డైరీ మొదటి పేజీలో రాసుకున్నాను. కొత్త డైరీ వచ్చినప్పుడల్లా ముందు ఆ తేదీనే ఎక్కిస్తాను.